కొండకేసి చూసిన సోలార్ పెట్టె

తిరుపతిలో మా వీధికి మొట్టమొదట సోలార్ హీటర్ తెచ్చింది నేనే. ఈ మాట ఇప్పటికి ఎన్నిసార్లు చెప్పుకున్నానో మా ఇంట్లో వాళ్లను అడగండి, చెవులు మూసుకుని మరీ చెబుతారు. అయితే ఆ హీటర్ పెట్టించి, మార్గశిరం చలిలో, మా చెల్లెలి పురుడు నాడు, సాక్షాత్తూ దాని అత్తగారి నెత్తిన చన్నీళ్లు పోయించింది కూడా నేనే. ఈ రెండో మాట మాత్రం ఎవరికీ చెప్పుకోలేదు. ఇవాళ చెబుతున్నాను. వినేవాళ్లు ఒక దుప్పటి కప్పుకుని కూర్చుంటే మంచిది.

తొంభైల్లో మాట. అప్పుడు నేను పూతలపట్టు హైస్కూల్లో సైన్సు మాస్టర్ని. పొద్దున్నే తిరుపతిలో బస్సెక్కి వెళ్లడం, సాయంత్రం తిరిగి రావడం. వయసు ముప్పై లోపు, తెలివి అంతకన్నా లోపు. ఆ సంగతి అప్పట్లో నాకెవరూ చెప్పలేదు, చెప్పినా వినే రకాన్ని కాను. తొమ్మిదో తరగతికి ఉత్తరాయణం, దక్షిణాయనం పాఠం ఏటా నేనే చెప్పేవాణ్ణి. ఒక చేత్తో గ్లోబు, ఒక చేత్తో టార్చిలైటు పట్టుకుని సూర్యుడు ఏ నెలలో ఎటు జరుగుతాడో చూపిస్తుంటే పిల్లలు నోరు తెరుచుకుని చూసేవారు. ఈ ముక్క కాస్త గుర్తుపెట్టుకోండి. తర్వాత నన్ను తిట్టడానికి పనికొస్తుంది.

మా ఇంట్లో స్నానాలకు నీళ్లు కాగేది పెరట్లో, కట్టెల పొయ్యి మీద పెద్ద రాగి కాగులో. తెల్లవారకముందే మా అమ్మ లేచి, ఊదుగొట్టం పట్టుకుని ఆ పొయ్యి ముందు కూర్చునేది. పచ్చి కట్టెలైతే మంట కన్నా పొగ ఎక్కువ. ఆమె ఊదేది, దగ్గేది, మళ్లీ ఊదేది. మా ఇంట్లో కోడి కన్నా ముందు అమ్మ దగ్గే మమ్మల్ని నిద్ర లేపేది. ఒక చలికాలం ఆ దగ్గు ఎంతకీ తగ్గకపోతే డాక్టరు దగ్గరికి తీసుకెళ్లాం. ఆయన ఛాతీ మీద గొట్టం పెట్టి విని, "మందులు తర్వాత. ముందు ఈమెను పొగకు దూరంగా పెట్టండి" అన్నాడు. వెనక్కి వస్తుంటే దారి పొడుగునా అమ్మ ఒకటే మాట. "పొయ్యి ముందర కూర్చోకుంటే నీళ్లెవరు కాస్తారు? ఆ డాక్టరొచ్చి కాస్తాడా?"

ఆ రోజే నిర్ణయించుకున్నాను, ఆమె చేతిలోంచి ఆ ఊదుగొట్టం లాగేయాలని. సోలార్ హీటర్ గురించి అప్పటికే సైన్సు పత్రికలో చదివి ఉన్నాను. మా నాయనకు చెప్పాను. ఆయన చిత్తూరు, తిరుపతి రూట్లో బస్సు కండక్టరుగా చేసి రిటైరైన మనిషి. లోకంలో ఏ విషయాన్నయినా బస్సులో ఎక్కించి చూస్తే గాని ఆయనకు అర్థం కాదు.

"ఎండకు నీళ్లు కాగతాయంటే నమ్ముతా. బకెట్టు బయట పెడితే నాకూ కాగతాయి. అయితే మనం నీళ్లు పోసుకునేది తెల్లారకముందు. అప్పటికి సూర్యుడు డ్యూటీ ఎక్కడు కదరా?"

"పగలు కాగిన నీళ్లు ట్యాంకులో దాచిపెడుతుంది నాయనా. ఆ ట్యాంకు చుట్టూ దూది మాదిరి ఒకటి కప్పి ఉంటారు. వేడి బయటికి పోదు."

"పోతే?"

"పోదు."

"పోతే ఏం చేస్తావు చెప్పు?"

"పోతే ఆ కట్టెల పొయ్యి నా చేత్తో నేనే మళ్లీ పెట్టిస్తా. ఇంక ఈ జన్మలో సోలార్ జోలికి రాను. సరేనా?"

"సరే. ఇది అందరూ విన్నారు కదా" అన్నాడు నాయన. విన్నది అమ్మా, గోడ మీద బల్లీ. ఆ విధంగా మా అమ్మ ఊపిరి నా తెలివి మీద ఆధారపడింది. పాపం ఆమె.

ఏప్రిల్ ఆఖరులో పెట్టె వచ్చింది. పైన అద్దం, లోపల నల్లటి రేకు, దాంట్లో రాగి గొట్టాలు, పక్కన ఒక పెద్ద ట్యాంకు. బిగించడానికి వచ్చినవాడు మస్తాన్ భాయ్. మా వీధిలో కొళాయిలన్నీ ఆయన చేతుల మీదుగా వచ్చినవే. మిద్దె మీదకు సామానంతా ఎక్కించి, నడుము మీద చేతులు పెట్టుకుని నాలుగు దిక్కులూ చూసి, "సార్, అద్దం దక్షిణం తట్టు పెట్టాల. కంపెనీవోళ్లు ఇచ్చిన కాగితంలో అట్లే ఉండాది" అన్నాడు.

తిరుపతిలో దక్షిణం అంటే ఏమిటో ఇక్కడివాళ్లకు చెప్పనక్కర్లేదు. మాకు ఉత్తరాన ఏడుకొండలు. మా మిద్దె ఎక్కితే ఎదురుగా కొండ. పొద్దున లేస్తే అటు తిరిగి దండం పెట్టుకుంటాం, కాళ్లు అటు చాపి పడుకోం. అలాంటిది, మా ఇంటి మీద మొదటిసారి కూర్చోబోయే ఇంత గొప్ప వస్తువును కొండకు వీపు పెట్టి కూర్చోబెట్టడమా? పైగా ఆ రోజుల్లో ఊరంతా వాస్తు గాలి వీస్తోంది. స్టాఫ్ రూమ్‌లో ఎవరో పడేసిపోయిన వాస్తు పుస్తకం సగం చదివి, సగం జ్ఞానంతో పూర్తి ధైర్యం తెచ్చుకుని ఉన్నాను.

"దక్షిణం యముడి దిక్కు మస్తాన్ భాయ్. ఉత్తరం కుబేరుడి దిక్కు. అన్నిటికీ మించి కొండ ఉండాది. కొండ తట్టు పెట్టు."

"కాగితంలో..."

"ఆ కాగితం యాడ అచ్చేసినారు?"

ఆయన తిప్పి చూశాడు. "ఢిల్లీలో సార్."

"ఢిల్లీవోళ్లకు కొండ యాడుండాది? వాళ్లకు ఎటు పెట్టినా ఒకటే. మనకట్ల కుదరదు."

మస్తాన్ తల గోక్కున్నాడు. "మీరు సదువుకున్నోరు సార్. సైన్సు మాస్టరు. మీరు సెప్పినట్లే కానీ." ఆ మాటకు నేను ఎంత పొంగిపోయానో! ఆ పొంగుతోనే నీళ్లు కాగి ఉంటే హీటరే అక్కర్లేకపోయేది.

అద్దం కొండకేసి కూర్చుంది. అమ్మ దానికి పసుపు రాసి, కుంకుమ పెట్టి, కొబ్బరికాయ కొట్టింది.

ఇప్పుడు అసలు విచిత్రం. పనిచేసింది! మర్నాటికే కొళాయి తిప్పితే పొగలు కక్కే నీళ్లు. నాయన వేలు పెట్టి, "అబ్బా!" అని వెనక్కి లాగేసుకున్నాడు. మే నెలంతా, జూన్ అంతా ఆ పెట్టె బ్రహ్మాండంగా నీళ్లు కాచింది. తిరుపతిలో మే నెలలో వేడినీళ్లు ఎవరికి కావాలని మాత్రం మీరు అడక్కూడదు. మామూలు కొళాయిలోనే నీళ్లు కాగి వచ్చే రోజులవి. అయినా చూడ్డానికి వీధి వీధంతా వచ్చింది. వచ్చినవాళ్లందరినీ మిద్దె ఎక్కించి, టార్చిలైటు పాఠం చెప్పి, చివర వేడినీళ్లలో వేలు పెట్టించి పంపేవాణ్ణి. ఒక్కరు కూడా స్నానం చేస్తామని అనలేదు.

మా హెడ్మాస్టరుగారు కూడా వచ్చారు. ఆయన ఇల్లు కూడా తిరుపతిలోనే, మాకు నాలుగు వీధుల అవతల. నెమ్మదైన మనిషి, లెక్కల్లో దిట్ట, తెలియని విషయంలో తెలిసినవాడి మాట కాదనని గుణం. వేలు కాల్చుకుని, "భలే ఉందయ్యా రమణా! మేమూ ఒకటి పెట్టించుకుంటాం. మా ఆవిడకు పొయ్యి బాధ తప్పుతుంది. దిక్కు ఏదన్నా చూసుకోవాలా?" అని అడిగారు.

"కొండ తట్టు సార్. కళ్లు మూసుకుని పెట్టించండి" అన్నాను. నెల తిరక్కుండానే ఆయన మస్తాన్‌ని పిలిపించి అలాగే పెట్టించుకున్నారు. ఊళ్లో ఇద్దరం అయ్యాం. నా మెడ ఇంకో అంగుళం పెరిగింది.

ఆ ఊపులోనే ఒక ఆదివారం గడ్డపార తీసుకుని పెరట్లోకి నడిచాను. నాయన అరుగు మీద నుంచి కేకేశాడు. "రేయ్! స్టెప్నీ టైరు లేకుండా బండి తీస్తావేందిరా? పొయ్యిని ఉండనీ!"

"ఇంక దాంతో పని లేదు నాయనా!" అని నాలుగు దెబ్బల్లో పొయ్యిని పగలగొట్టేశాను. ఆ చోట కనకాంబరం మొక్కలు నాటాను. అమ్మ మాత్రం రాగి కాగును తోమి, అటక మీద పెట్టించి, దాన్నిండా చింతపండు దాచింది. "పారెయ్యమ్మా" అంటే వినలేదు. "అది నా పుట్టింటి కాగు. చింతపండుకైనా పనికొస్తాది" అంది.

శ్రావణం, భాద్రపదం దాకా నా ఏలుబడి బాగానే సాగింది. వినాయక చవితి దాటాక నీళ్ల వేడి కొంచెం తగ్గినట్టు అనిపించింది. దసరా నాటికి పొగలు ఆగిపోయాయి. దీపావళి తలంటు నాడు నాయన బాత్రూమ్‌లోంచి, "రమణా! ఈ నీళ్లు సల్లారిపోయిన కాఫీ మాదిరి ఉండాయి" అని అరిచాడు.

"ముసురు కదా నాయనా. మబ్బు పోతే సరిపోతుంది."

కార్తీకంలో ముసురు పోయి ఆకాశం అద్దంలా అయ్యింది. నీళ్లు మాత్రం వేడెక్కలేదు. అప్పుడు అద్దం మీద దుమ్ము అన్నాను. దుమ్ము తుడిచాక పైపులో గాలి అన్నాను. గాలి వదిలాక, సోలార్ కొత్తల్లో ఇలాగే ఉంటుందన్నాను. పెట్టి ఏడు నెలలైన వస్తువు కొత్తది ఎలా అవుతుందని అమ్మ అడగలేదు. నా ముఖం చూసి ఊరుకుని, గ్యాస్ పొయ్యి మీద అన్నం గిన్నె తర్వాత అన్నం గిన్నెగా నీళ్లు కాచుకుని సర్దుకుపోయింది.

సరిగ్గా అప్పుడు మా చెల్లెలు సుజాత ప్రసవించింది. ఆడపిల్ల. పదకొండో రోజు పురుడు. దానికి చిత్తూరు నుంచి సుజాత అత్తగారు ముందురోజు సాయంత్రమే దిగింది. ఆమె మంచిదే గాని, ఆమె మంచితనం వేడినీళ్ల స్నానం అయ్యాకే మొదలవుతుంది. సుజాత మొదటే నన్ను పక్కకు పిలిచి, "అన్నా, ఆమెకు నీళ్లు కాలేటట్లు ఉండాల. లేకుంటే ఇల్లంతా అదిరిపోతాది" అని హెచ్చరించింది.

అమ్మ బుద్ధిమంతురాలు. "బాలింతకూ బిడ్డకూ గ్యాసు మీద కాస్తా. వదినకు కూడా ఒక గిన్నె పెడతా" అంది. అక్కడ ఆగాలా, వద్దా? నేను ఆగలేదు. వియ్యపురాలి ముందు మా ఇంటి ప్రతిష్ఠ అడ్డం వచ్చింది.

"అత్తకు సోలార్ నీళ్లే పోయాల. చిత్తూరులో యాడా లేదు ఇట్లాంటిది" అన్నాను, ఆమెకు వినబడేట్టు.

ఆమె కళ్లు పెద్దవి చేసింది. "అంటే కట్టెల్లేకుండా, పొగ లేకుండా నీళ్లు కాగతాయా అబ్బాయా?"

"మీరే చూస్తారు కదత్తా!"

ఆమె చూసింది. మర్నాడు పొద్దున ఒళ్లంతా నూనె పట్టించుకుని, జుట్టు విప్పుకుని బాత్రూమ్‌లోకి వెళ్లింది. నేను బయట, బిడ్డకు పేరు పెట్టే తండ్రికన్నా గర్వంగా నిలబడి ఉన్నాను. లోపల చెంబు చప్పుడైంది. ఆ తర్వాత వచ్చిన కేకకు పక్కింటి పిట్టగోడ మీద పావురాలన్నీ ఒకేసారి లేచాయి.

"అయ్యో అయ్యో అయ్యో! పాణం పోయిందే!"

మిగిలిన స్నానం ఆమె అమ్మ కాచిన ఒక గిన్నె నీళ్లతో, పళ్లు కొట్టుకుంటూ ముగించింది. నెత్తి మీద సీకాయ ఇంకా ఉండగానే బయటికి వచ్చి, తువ్వాలు చుట్టుకుని, నన్ను పైనుంచి కిందికి చూసింది.

"ఏమప్పా, ఇదేనా చిత్తూరులో లేనిది? చన్నీళ్లు మా ఇంట్లో కూడా ఉండాయి. వదినా, నేను ఈడ మూడు దినాలుంటా. ఈ బిడ్డకూ బాలింతకూ గిన్నెల్లో నీళ్లు యాడ సాలతాయి? రేపు పొద్దనకు కాగు పెట్టియ్యి."

వియ్యపురాలి మాట. కాదనడానికి లేదు. నాయన నా వైపు చూశాడు. కోపం లేదు, ఎగతాళి కూడా లేదు. అదే బాధ. "రమణా, నీ స్టేజీ వచ్చేసింది. దిగు" అన్నాడు మెల్లగా.

మర్నాడు తెల్లవారకముందే నాకు మెలకువ వచ్చింది. కోడి కూతకు కాదు. ఏడు నెలలుగా ఆ వేళకు మా ఇంట్లో వినబడని చప్పుడు, అమ్మ దగ్గు. పెరట్లోకి పరిగెత్తాను. నా కనకాంబరాల పక్కనే మూడు ఇటుకలు పేర్చి, అటక మీంచి దించిన కాగు పెట్టి, ఆమె పొగలో కూర్చుని ఊదుతోంది. మంచుకు తడిసిన కట్టెలు. ఒక ఊదు, రెండు దగ్గులు. నేను ఊదుగొట్టం లాక్కుని ఊదబోయాను. రెండు ఊదులకే కళ్లూ ముక్కూ ఏకమై పక్కకు పడ్డాను. ముప్పై ఏళ్లుగా ఆమె రోజూ చేసిన పని నేను రెండు నిమిషాలు చేయలేకపోయాను. సిగ్గుతో నాకు ఏడుపొచ్చింది. పొగ వల్ల అని చెప్పుకున్నాను.

ఆ పొద్దున పది గంటలకు అమ్మ మిద్దె మీద చాప పరిచి ఒడియాలు పెడుతోంది. నేను ఆ పెట్టె పక్కన కూలబడి, పైపులు పట్టుకుని చూస్తూ, ఏమి తప్పు జరిగిందా అని సైన్సంతా తిరగేస్తున్నాను. అమ్మ ఒడియం పెడుతూనే అడిగింది.

"రవణా, నేను సాప ఈడ యాల పరిసినానో తెలుసునా?"

"ఎందుకమ్మా?"

"ఎండకాలమైతే మిద్దె మీద యాడ పెట్టినా ఒడియాలు ఎండతాయి. కార్తీకం దాటితే అట్ల కాదు. దక్షిణం పిట్టగోడ నీడ సాప మీద పడతాది. అందుకే ఏటా ఈ కాలానికి ఈ ఉత్తరం గోడ దగ్గరికి జరుపుకుంటా. ఎండ దక్షిణం నుంచి కదా వస్తా ఉండాది ఇప్పుడు." చేయి కడుక్కుని పెట్టె వైపు చూపించింది. "ఆ పెట్టె సూడు. ఎండకు వీపు పెట్టి కూర్చోనుండాది. ఎట్ల కాగతాయిరా నీళ్లు?"

నేను లేచి నిలబడ్డాను. గ్లోబు, టార్చిలైటు, నోరు తెరుచుకున్న తొమ్మిదో తరగతి పిల్లలు, అన్నీ ఒకేసారి కళ్ల ముందు తిరిగాయి. దక్షిణాయనం! మే నెలలో నడినెత్తిన ఉండి కాస్త కొండవైపు కూడా జరిగే సూర్యుడు, మార్గశిరం వచ్చేసరికి దక్షిణానికి వాలిపోతాడు. ఇది నేను ఏటా బోర్డు మీద బొమ్మ గీసి చెప్పిన పాఠం. బళ్లో చెప్పినవాణ్ణి మిద్దె మీద మర్చిపోయాను. బడి మొహం చూడని మా అమ్మకు ఒడియాల చాప చెప్పింది.

"మరి ఇన్నాళ్లూ చెప్పలేదేమమ్మా?"

"నువ్వు సైన్సు మాస్టరువి. నీకు తెలీదా అనుకుంటిని. ఏదో లోపల మిషన్ ఉంటాది, అది తిప్పుకుంటాదేమో అనుకుంటిని."

"దక్షిణం తిప్పితే కొండకు వీపు పెట్టినట్టు కాదా అమ్మా?"

ఆమె నవ్వింది. "స్వామిని సూడాల్సింది మనంరా, పెట్టె కాదు. దాని పని అది సేస్తే, ఆ నీళ్లతో మనం తలకు పోసుకోని, కొండకు తిరిగి దండం పెట్టుకుంటాం. సాలదా?"

చెప్పులు కూడా వేసుకోకుండా మస్తాన్ ఇంటికి పరిగెత్తాను. ఆయన నన్ను చూడగానే, "దక్షిణమేనా సార్?" అన్నాడు. "దక్షిణమే మస్తాన్ భాయ్" అన్నాను. సంచీ తీసుకుని నా వెంట బయల్దేరాడు. పెద్దమనిషి. మధ్యాహ్నానికల్లా స్టాండు తిప్పి, పైపులు మళ్లీ కలిపాడు. వెళ్లేముందు మాత్రం మెట్ల మీద ఆగి అడిగాడు.

"సార్, హెడ్మాస్టర్ సార్ ఇంట్లో కూడా మనం కొండ తట్టే పెట్టినాం కదా. తిప్పొద్దా?"

హెడ్మాస్టరుగారి ముందు నేను తప్పు ఒప్పుకోవాలి. "నేను చెప్తాలే మస్తాన్ భాయ్. నువ్వు పోవద్దు" అన్నాను. చెప్పాలనే అనుకున్నాను. ఒట్టు.

మర్నాడంతా మంచి ఎండ కాసింది. పెట్టె తిప్పిన మూడో రోజు పొద్దున సుజాత అత్తగారు ఊరికి బయల్దేరేముందు స్నానానికి వెళుతుంటే, నేను చేతులు కట్టుకుని, "అత్తా, చెయ్యి పెట్టి చూసి పోసుకోండి" అన్నాను. "ఎందుకప్పా, చల్లగుంటాయని తెలుసు కదా" అంటూ కొళాయి తిప్పి నేరుగా చెయ్యి పెట్టేసింది.

"అమ్మో! కాలింది!"

జన్మలో ఒక కేక నా చెవికి అంత ఇంపుగా ఎప్పుడూ వినబడలేదు. ఆమె అరగంట సేపు నీళ్లు పోసుకుని, ఎర్రబడిన ముఖంతో బయటికి వచ్చి, "ఏమప్పా, చిత్తూరులో దీన్ని పెట్టాలంటే ఎవరికి చెప్పాల?" అని అడిగింది. నాయన తన పాత కండక్టరు విజిల్ ఎక్కడ దాచుకున్నాడో గాని, తెచ్చి ఒకసారి ఊదాడు. "రైట్ రైట్!" అన్నాడు. అమ్మ కాగును మళ్లీ తోమి, చింతపండు నింపి అటకెక్కించింది. ఊదుగొట్టాన్ని కొంగున తుడిచి, గోడ మూల పెట్టేసింది. ఆ తర్వాత ఆమె దాన్ని ముట్టలేదు. దగ్గు పూర్తిగా పోవడానికి ఇంకో ఏడాది పట్టింది. పోయింది.

ఇక్కడి నుంచి నేను కాస్త గొప్పలు చెప్పుకుంటాను, ఓపిక పట్టండి. మరుసటి ఏడు మా ఎదురింటి మిద్దె మీద ఒక పెట్టె ఎక్కింది. దాన్ని చూసి మూలింటి వాళ్లు, వాళ్లను చూసి వెనక వీధి వాళ్లు. ఏ ఒక్కరూ ఒక్కసారిగా మారలేదు. ముందు సంవత్సరం నవ్వారు, రెండో సంవత్సరం వేలు పెట్టి చూశారు, మూడో సంవత్సరం మస్తాన్‌ని పిలిచారు. ఆయనకు కొళాయిల పని తగ్గి పెట్టెల పని పెరిగింది, కొడుకును కూడా అందులోనే పెట్టాడు. రెండు వేల సంవత్సరం దాటేసరికి మా వీధిలో పొద్దున పొగ లేచే ఇల్లు లేదు. ఎవరు కొత్తగా పెట్టించుకున్నా నా దగ్గరికి సలహాకు వచ్చేవారు. నేను మిద్దె ఎక్కి, కళ్లు చికిలించి, పెద్ద ఇంజనీరులా గడ్డం నిమురుకుని, "అమ్మా!" అని పిలిచేవాణ్ణి. ఆమె వచ్చి, "మీరు ఒడియాలు యాడ పెడతారు?" అని అడిగి దిక్కు చెప్పేది.

ఇలా ఒక పదేళ్లు గడిచాయి. ఒక మార్గశిరంలో అమ్మను దర్శనానికి కొండకు తీసుకెళుతున్నాను. మధ్యాహ్నం వేళ. బస్సు ఘాట్ రోడ్డు మలుపులు తిరుగుతుంటే కింద తిరుపతి అంతా పరిచిన చాపలా కనబడింది. ఎక్కడ చూసినా మిద్దెల మీద సోలార్ పెట్టెలు. అన్నీ దక్షిణానికి తిరిగి, మాకు వీపులే చూపిస్తున్నాయి. నాకు ఛాతీ ఉప్పొంగింది. ఇంతమంది అమ్మలు ఊదుగొట్టాలు గోడ మూల పెట్టేశారు కదా అనిపించింది.

"సూడమ్మా! ఇదంతా మన మిద్దె మీంచే మొదలైంది" అన్నాను, బస్సులో నలుగురూ వినేట్టు.

సరిగ్గా అప్పుడు కింద ఊరి మధ్యలోంచి ఒక మెరుపు వచ్చి నా కళ్లలో కొట్టింది. తల తిప్పాను. మలుపు తిరిగాక మళ్లీ కొట్టింది. అన్ని వీపుల మధ్య ఒకే ఒక్క అద్దం, కొండకేసి తిరిగి, తన మీద పడ్డ ఎండనంతా స్వామివారికి సమర్పించుకుంటోంది.

"ఎవురో పిచ్చోళ్లు కొండ తట్టు పెట్టినారు పాపం. ఎవురి ఇల్లురా అది?" అంది అమ్మ.

నాకు ఆ వీధి తెలుసు. ఆ ఇల్లూ తెలుసు. మా హెడ్మాస్టరుగారిది. మా పెట్టె తిప్పిన ఏడే ఆయన రిటైరవడంతో బస్సులో కలుసుకోవడం పోయింది. రేపు చెబుదాం, ఎల్లుండి చెబుదాం అంటూ నేను పదేళ్లు తప్పించుకున్నాను. స్వామి దర్శనంలో ఏం మొక్కుకున్నానో గుర్తులేదు. ఆయన మాత్రం నాకేసి చూసి నవ్వినట్టే ఉంది.

దిగేటప్పుడు అమ్మకు సంగతంతా చెప్పేశాను. కొండ దిగగానే ఆమె నన్ను నేరుగా ఆ ఇంటికి లాక్కెళ్లింది. హెడ్మాస్టరుగారు ముసలివారయ్యారు. ఎంతో ఆదరంగా కూర్చోబెట్టారు. నేను నీళ్లు నమిలి నమిలి విషయం చెప్పాను. ఆయన ఆశ్చర్యపోయారు.

"అదా సంగతి! చలికాలంలో సోలార్ ఇంతేనేమో అనుకున్నానయ్యా. నువ్వు చెప్పాక తప్పు ఉంటుందని ఎట్లా అనుకుంటాను? సైన్సు మాస్టరువి కదా!"

ఆయనకు కోపం లేదు. నాకు అదే పెద్ద శిక్ష అనుకున్నాను. కాదు. వంటింట్లోంచి వాళ్లావిడ మజ్జిగ గ్లాసులు తెచ్చింది. కొంగుతో నోరు మూసుకుని దగ్గుతోంది. "ఎండకాలమంతా బాగానే కాగతాయి నాయనా. చలికాలం నాలుగు నెలలూ కట్టెలు తప్పవు. ఏం చేస్తాం, మనకు ఇంతే రాసిపెట్టి ఉండాదనుకున్నా" అంది. పెరటి వైపు చూశాను. మూడు ఇటుకలు, మసిపట్టిన కాగు, ఒక ఊదుగొట్టం.

మా అమ్మ దగ్గు ఆపానని పదేళ్లు ఊరంతా చెప్పుకు తిరిగాను. నా నోరు మూసుకుని ఇంకొక అమ్మ చేత పది చలికాలాలు ఊదించాను. మజ్జిగ గ్లాసు అక్కడే పెట్టేసి మస్తాన్‌కి కబురు పంపాను.

మస్తాన్ ఆ సాయంత్రమే వచ్చాడు. మెట్లెక్కుతూ, "చెప్తానన్నారు కదా సార్" అన్నాడు. అమ్మ స్వయంగా మిద్దె ఎక్కి, అద్దం ఎక్కడ నిలవాలో వేలితో చూపించింది. మూడో రోజు పొద్దున హెడ్మాస్టరుగారి నుంచి ఫోను. "ఏమయ్యా రమణా! చెయ్యి కాలింది!" వెనక వాళ్లావిడ నవ్వు వినబడింది. ఆ నవ్వులో దగ్గు లేదు, కనీసం ఆ ఫోనంతసేపు.

మరుసటి నెల మళ్లీ కొండకు వెళ్లాం. ఘాట్ రోడ్డు మలుపులో వంగి కిందకు చూశాను. ఒక్క మెరుపు కూడా రాలేదు. ఊరు ఊరంతా కొండకు వీపు పెట్టి కూర్చుని నీళ్లు కాచుకుంటోంది.

"స్వామి ఏమనుకుంటాడమ్మా, ఇందరు వీపు పెట్టేస్తే?" అన్నాను.

"ఏమనుకుంటాడు? పొద్దన్నే ఇంత ఊరి పొగ పైకి రాకుండా ఉండాది కదా. ఆయనకూ కళ్లు మండకుండా సుఖమే" అంది అమ్మ.

కాబట్టి, ఏడుకొండల సాక్షిగా, మా అమ్మ ఒడియాల చాప సాక్షిగా ఇదిగో ప్రమాణం చేస్తున్నాను. ఇక మీదట ఏ వస్తువుకూ నా అంతట నేను దిక్కు చెప్పను. ఒకవేళ చెప్పి, అది తప్పని తేలితే, ఆ పొద్దు కుంకేలోపు వెళ్లి ఆ ఇంటి తలుపు తడతాను, పదేళ్లు ఆగను. ఈ ప్రమాణం మా మిద్దె మీద నిలబడి, చేతులు జోడించి, కొండకు ముఖం పెట్టే చేస్తున్నాను. పెట్టె మాత్రం దక్షిణానికే.